గెంతుకు ముందు పది నిమిషాలు

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కానిస్టేబుల్ కావాలంటే ఒక అబ్బాయి ఇసుక గుంటలోకి 3.80 మీటర్లు గెంతాలి. అమ్మాయి అయితే 2.75 మీటర్లు. వంద మీటర్లు అతను 15 సెకన్లలో, ఆమె 18 సెకన్లలో పరిగెత్తాలి. 1600 మీటర్లకు అతనికి 8 నిమిషాలు, ఆమెకు పదిన్నర నిమిషాలు ఇస్తారు. సివిల్ పోస్టుకు 1600 తప్పనిసరి, మిగతా రెంటిలో ఒకటి గట్టెక్కితే చాలు. ఏపీఎస్పీ (ప్రత్యేక పోలీసు దళం) పోస్టుకు మూడూ దాటాలి, పైగా వాటికి మార్కులు కూడా ఉంటాయి. 3.79 గెంతినవాడికి ఆ ఒక్క సెంటీమీటరు ఎవరూ కలిపివ్వరు.

2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. 2023 జనవరిలో ప్రిలిమినరీ పరీక్ష అయింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు 30 వచ్చింది. రాత పరీక్ష గట్టెక్కిన వేలమంది రేపో మాపో ఈవెంట్స్ అనుకుంటూ దాదాపు రెండేళ్ళు కాళ్ళను సిద్ధంగా ఉంచుకోవాల్సి వచ్చింది. అంత సాధనా తేలేది ఒకే ఒక్క ఉదయం, కొన్ని సెకన్లలో. ఆ సెకన్లకు ముందు పది పదిహేను నిమిషాల్లో ఏం చేశారన్నది కూడా ఫలితాన్ని అటో ఇటో తిప్పగలదు. దీని గురించి శాస్త్రం ఎనభై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. మన మైదానాల దాకా ఆ మాట సగమే వచ్చింది.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పేరు చెబితే ఎవరికైనా లక్క బొమ్మలే గుర్తొస్తాయి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ కళను నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఇవే. అయితే ఇలాంటి ఊళ్ళలో చదువుకున్న పిల్లలందరికీ బొమ్మల పనిలో బతుకు దొరకదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పోలీసు, ఆర్మీ, నేవీ ఉద్యోగాలంటే ఇంటిల్లిపాదికీ ఆశ. నోటిఫికేషన్ పడిందంటే యలమంచిలి నుంచి నర్సీపట్నం దాకా రోడ్ల మీదా స్కూలు మైదానాల్లోనూ తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. గురజాడ అప్పారావు 1862లో పుట్టింది ఈ ప్రాంతంలోనే, ఎస్. రాయవరంలో. జాతికి కండ కావాలని దేశభక్తి గేయంలో అడిగిన మనిషి ఆయన. ఆ కండ ఏ క్షణంలో బాగా పనిచేస్తుందో తెలుసుకోవడం ఆయన పుట్టిన ప్రాంతపు పిల్లలకు ఈనాడు ఉద్యోగంతో ముడిపడిన విషయం.

మైదానంలో ఎవరిని చూసినా వార్మప్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రెండు మూడు రౌండ్లు మెల్లగా పరిగెత్తుతారు. తర్వాత నిలబడి, వంగి కాలి వేళ్ళను పట్టుకుని అలాగే ఉంటారు. మడమను వెనక్కి లాగి తొడను సాగదీస్తారు. చిన్నప్పుడు డ్రిల్లు మాస్టారు నేర్పినదే ఇది, ఆయనకు ఆయన మాస్టారు నేర్పారు. ఇందులో మొదటి సగం చాలా మంచిది. రెండో సగం మీద కొంత మాట్లాడుకోవాలి. అసలు లోపం మాత్రం ఈ రెండింటిలోనూ లేదు. అవి అయ్యాక వరసలో కూర్చుని ఎదురుచూసే గంటలో ఉంది.

ముందు కాళ్ళ పవర్ అంటే ఏమిటో చూద్దాం. బరువైన మూటను మెల్లగా ఎత్తడానికి బలం చాలు. గెంతడానికి ఆ బలాన్ని కనురెప్పపాటులో బయటికి తీయాలి. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది పవర్. లాంగ్ జంప్‌లో పాదం పలకను తాకి వదిలే సమయం సుమారు సెకనులో ఎనిమిదో వంతే. ఆ లోపల తొడ, పిరుదు, పిక్క కండరాలు ఎంత తోయగలిగితే అంతే. నిదానంగా ఎంత బలం పెట్టగలమన్నది అక్కడ అక్కరకు రాదు.

దీన్ని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అమెరికాలో డడ్లీ సార్జెంట్ అనే వ్యాయామ విద్యావేత్త 1921లో ఒక సులువైన పద్ధతి రాసిపెట్టాడు. నిలబడి చెయ్యి అందినంత ఎత్తు చూడాలి, ఆపైన నిలువుగా గెంతి అందినంత ఎత్తు చూడాలి, రెంటికీ తేడా లెక్కగట్టాలి. ఇప్పుడు ప్రయోగశాలల్లో పాదాలు నేలను వదిలిన క్షణం నుంచి మళ్ళీ తాకే క్షణం దాకా గాలిలో ఉన్న కాలాన్ని కొలుస్తారు. గాలిలో అర సెకను ఉంటే సుమారు 31 సెంటీమీటర్లు గెంతినట్టు. ఆ ఎత్తునూ మనిషి బరువునూ ఒక సూత్రంలో వేస్తే వాట్లు వస్తాయి. 65 కిలోల యువకుడు 40 సెంటీమీటర్లు గెంతితే ఆ సూత్రం ప్రకారం గరిష్ఠ పవర్ దాదాపు 3,300 వాట్లు, అంటే నాలుగు హార్స్‌పవర్ల పైచిలుకు. పొలంలో నీళ్ళు తోడే మోటారు గంటల తరబడి చేసే పనిని మన కాళ్ళు ఒక్క క్షణం చేసి చూపిస్తాయి.

ఈ క్షణం మీద వేడి ప్రభావం ఎంతో మొదట పద్ధతిగా తేల్చింది డెన్మార్కు శాస్త్రవేత్తలు. 1945లో అస్ముసెన్, బోజె అనే ఇద్దరు కోపెన్‌హేగన్‌లో యువకుల చేత సైకిలు యంత్రాల మీద బలంకొద్దీ తొక్కించారు. కండరం వెచ్చగా ఉన్నప్పుడు అదే పనిని మనిషి తక్కువ సమయంలో ముగించాడు. వ్యాయామం చేయించకుండా వేడినీళ్ళ స్నానంతో వెచ్చచేసినా కొంత లాభం కనిపించింది. అంటే వార్మప్‌లోని మంచి చాలావరకు ఉష్ణోగ్రతదే, కదలికలలో ఏదో మహిమ ఉండి కాదు. 1979లో స్వీడన్‌కు చెందిన బెర్గ్, ఎక్‌బ్లోమ్ తొడ కండరాన్ని 30 డిగ్రీల నుంచి 39 డిగ్రీల దాకా మార్చి చూశారు. కండరం ఒక్క డిగ్రీ వెచ్చబడితే గెంతు, పరుగు, పవర్ అన్నీ 4 నుంచి 6 శాతం పెరిగాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం 1987 నాటిది. ఆంథొనీ సార్జెంట్ (1921 నాటి సార్జెంట్‌తో సంబంధం లేదు) నలుగురిని ముప్పావు గంట నీళ్ళ తొట్టెలో కాళ్ళు పెట్టి కూర్చోబెట్టాడు. ఒకసారి 44 డిగ్రీల నీళ్ళు, ఇంకోసారి 18, మరోసారి 12. చర్మం కింద మూడు సెంటీమీటర్ల లోతున కండరం ఎంత వెచ్చగా ఉందో సూదితో కొలిచాడు. మామూలుగా 36.6 డిగ్రీలున్న తొడ వేడినీళ్ళలో 39.3కి చేరింది, అతి చల్లని నీళ్ళలో 29కి పడిపోయింది. తర్వాత 20 సెకన్ల పాటు ప్రాణం పెట్టి సైకిలు తొక్కించాడు. వేడి కాళ్ళ పవర్ 11 శాతం పెరిగింది. 12 డిగ్రీల నీళ్ళలో నానిన కాళ్ళది 21 శాతం తగ్గింది. నలుగురే కదా అనిపించవచ్చు. ఆ తర్వాత చాలామంది వేరే వేరే పద్ధతుల్లో చేసినా ఫలితం అదే దిక్కుకు పోయింది.

ఆ ప్రయోగంలోనే ఇంకో విషయం బయటపడింది, గెంతేవాళ్ళకు పనికొచ్చేది అదే. పెడలును నిదానంగా తిప్పించినప్పుడు కండరం వెచ్చబడిన ఒక్కో డిగ్రీకి పవర్ సుమారు 2 శాతమే పెరిగింది. చాలా వేగంగా తిప్పించినప్పుడు డిగ్రీకి సుమారు 10 శాతం పెరిగింది. అంటే వేడి బలాన్ని పెంచేది కొంచెమే, వేగాన్ని పెంచేది ఎక్కువ. బరువు మోసేవాడికి వార్మప్ వల్ల కలిగే లాభం కంటే గెంతేవాడికి, వంద మీటర్లు పరిగెత్తేవాడికి కలిగే లాభం పెద్దది.

కారణం కండరం లోపల ఉంది. ఒక్కో కండర పోగులో మయోసిన్, ఆక్టిన్ అనే రెండు రకాల ప్రోటీన్ తంతువులు పక్కపక్కనే ఉంటాయి. మయోసిన్‌కు ఉన్న చిన్న తలలు ఆక్టిన్‌ను పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. ఇలా కోట్లాది తలలు ఒక్కసారిగా చేస్తే కాలు కదులుతుంది. ప్రతి లాగుడికీ ఏటీపీ అనే అణువు ఒకటి ఖర్చవుతుంది, అది విడిపోవడం ఒక రసాయన చర్య. వేడి పెరిగితే రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. ఒక క్షణంలో పట్టుకుని ఉన్న తలల సంఖ్య పెద్దగా మారదు, కాబట్టి బలం అంతగా పెరగదు. కానీ పట్టుకుని వదిలే వేగం పెరుగుతుంది, కండరం త్వరగా కుదించుకుంటుంది. దీనికి తోడు వెచ్చబడిన నరాల్లో సంకేతం వేగంగా పోతుంది. కండరాల మధ్య ఉన్న జిగురు పదార్థం, కీళ్ళలోని ద్రవం పలచబడి కదలికకు అడ్డు తగ్గుతుంది. రక్తం ఆక్సిజన్‌ను కండరానికి సులువుగా వదులుతుంది. గెంతు లాంటి ఒక్క క్షణపు పనికి ఈ చివరిది అంత అక్కర్లేదు, 1600కు మాత్రం పనికొస్తుంది.

ఆ వేడి వచ్చేది ఎక్కడి నుంచి? కండరం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు పావు వంతే కదలికగా మారుతుంది, మిగిలింది వేడిగా పోతుంది. కాబట్టి పనిచేస్తున్న కండరమే తనను తాను వెచ్చచేసుకుంటుంది. ఏటికొప్పాక వాళ్ళకు ఇది కళ్ళకు కట్టినట్టు చెప్పవచ్చు. అంకుడు కర్రను మర మీద ఎక్కించి తిప్పుతూ, రంగు కలిపిన లక్క పుల్లను దానికి ఆనించి నొక్కుతారు. విడిగా నిప్పు పెట్టి కరిగించే పని లేదు. తిరుగుడు వల్ల పుట్టిన వేడికే లక్క మెత్తబడి కర్రకు పట్టుకుంటుంది, పుల్ల ఆనిన చోటే పట్టుకుంటుంది, మర ఆగిన కాసేపటికి గట్టిపడిపోతుంది. కండరంలో పుట్టేది రాపిడి వేడి కాదు, రసాయనాల వేడి. అయినా మూడు సంగతులు రెండిట్లోనూ ఒకటే. పని వల్లే వేడి పుడుతుంది, పని జరిగిన చోటే పుడుతుంది, పని ఆగితే నిలవదు. చేతులు తిప్పుతూ నిలబడితే తొడలు వెచ్చబడవు. ఏ కండరంతో గెంతుతామో దానితోనే వార్మప్ చేయాలి.

మెల్లని పరుగు మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు నిమిషాల్లోనే కండరపు ఉష్ణోగ్రత గబగబా పెరుగుతుంది. పది నుంచి ఇరవై నిమిషాల మధ్య ఇక పెరగకుండా స్థిరపడుతుంది. అంటే అరగంట పరిగెత్తినా పది నిమిషాలకు వచ్చిన వేడి కంటే పెద్దగా ఎక్కువ రాదు, అలసట మాత్రం పెరుగుతుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో టొమారస్, మెకింటాష్ 2011లో సైక్లిస్టుల మీద చేసిన పరీక్ష ఇదే చెప్పింది. వాళ్ళ పాత అలవాటు ప్రకారం వార్మప్ దాదాపు 50 నిమిషాలు, అందులో నాలుగు స్ప్రింట్లు. దాన్ని పదిహేను నిమిషాలకు, ఒక్క స్ప్రింటుకు కుదిస్తే గరిష్ఠ పవర్ 6 శాతం ఎక్కువ వచ్చింది. ఎంపిక మైదానానికి వెళ్ళిన రోజున కూడా రోజూ చేసే నాలుగు కిలోమీటర్లూ చేసి తీరాలనుకునే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. సాధన వేరు, వార్మప్ వేరు. చెమట చిగురించి, ఊపిరి కొంచెం పెరిగి, మాట్లాడితే మాట ఆగకుండా వచ్చే స్థాయి దగ్గర ఆగిపోవాలి.

మన దగ్గర చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఎండ ఇంత కాస్తున్న దేశంలో వార్మప్ దేనికి, ఒళ్ళు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కదా? ప్రశ్నలో కొంత నిజం ఉంది. చల్లని దేశాల్లో కాళ్ళ పవర్ పొద్దున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుందని చాలా పరిశోధనల్లో తేలింది. పొద్దున ఒంటి ఉష్ణోగ్రత తక్కువగా ఉండటం దానికి ఒక పెద్ద కారణం. కరీబియన్ ద్వీపం గ్వాడలూప్‌లో రసినే బృందం 2004లో ఇదే పరీక్ష చేస్తే ఉదయానికీ సాయంత్రానికీ ఆ తేడా కనిపించలేదు. ఉక్కపోత వాతావరణమే ఒంటికి కొంత వార్మప్ చేసిపెట్టింది. తీరప్రాంతపు మే నెలకు ఇది వర్తిస్తుంది. కానీ గాలి వేడి కండరాన్ని కొంతదూరమే తీసుకెళ్తుంది. 38, 39 డిగ్రీలకు తొడను చేర్చాలంటే తొడ పనిచేయక తప్పదు. నరాలనూ కీళ్ళనూ ఆ కదలికకు సిద్ధం చేయడం ఎండ చేయలేని పని.

పైగా ఈవెంట్స్ ఎప్పుడూ మే నెలలో పెట్టరు. 2024 చివర్లో మొదలైనవి జనవరి చలిలో నడిచాయి, అదీ పొద్దున్నే. ఏటికొప్పాక తీరానికి దగ్గర కాబట్టి అక్కడి చలి ఓ మోస్తరు. నర్సీపట్నం దాటి ఘాటెక్కితే లంబసింగి, చింతపల్లి. అక్కడ శీతాకాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోతుంది. అక్కడి నుంచి బయల్దేరి, జీపులోనో బస్సులోనో గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చుని వచ్చిన అమ్మాయి తొడలు, విశాఖలో ఇంటి నుంచి నడిచొచ్చిన అమ్మాయి తొడల్లా ఉండవు. ఇద్దరికీ ఒకే వార్మప్ సరిపోదు. చలిలో వచ్చినవాళ్ళకు ఇంకో ఐదు నిమిషాలు కావాలి, ఒంటి మీద ట్రాక్‌ప్యాంటు చివరి నిమిషం దాకా ఉండాలి. ఎండాకాలంలో దీనికి తలకిందుల జాగ్రత్త అవసరం. 1600 మీటర్ల లాంటి పరుగుకు ముందే ఒళ్ళంతా వేడెక్కితే పరుగు మధ్యలో దెబ్బతీస్తుంది. అప్పుడు వార్మప్ చిన్నది, నీడలో, నీళ్ళు తాగుతూ.

ఇక సాగదీయడం సంగతి. వంగి వేళ్ళు పట్టుకుని అలాగే నిమిషం పైన ఉంటే ఆ వెంటనే గెంతే గెంతు తగ్గుతుందని ఇరవై ఏళ్ళుగా చాలా పరీక్షలు చెప్పాయి. వాటన్నిటినీ కలిపి 2016లో బెమ్ బృందం లెక్కగట్టింది. ఒక కండరాన్ని 60 సెకన్లు, అంతకుమించి కదలకుండా సాగదీసి పట్టుకుంటే పనితీరు సగటున 4.6 శాతం తగ్గింది. అంతకంటే తక్కువసేపయితే 1.1 శాతమే. కాళ్ళు ఊపడం, మోకాళ్ళు ఎత్తి పరిగెత్తడం, అంగలు వేస్తూ వంగడం లాంటి కదిలే సాగుడు వల్ల 1.3 శాతం పెరిగింది. మరీ సాగిన కండరానికి నరాల నుంచి వచ్చే ఆజ్ఞ కాసేపు మందగించడం ఈ తగ్గుదలకు ఒక కారణమని భావిస్తున్నారు.

దీన్ని పట్టుకుని సాగదీయడమే పాపమని చెప్పేవాళ్ళు తయారయ్యారు. అది అతి. 2018లో బ్లేజెవిచ్ బృందం ఇరవై మందితో నిండు వార్మప్ చేయించి, దాని మధ్యలో ఒక రోజు ఐదు సెకన్ల సాగుడు, ఇంకో రోజు ముప్పై సెకన్లది, మరో రోజు ఏమీ లేకుండా చేసి చూసింది. తర్వాత గెంతులు, పరుగులు కొలిస్తే తేడా లేదు. సాగదీసిన రోజుల్లో మాత్రం వాళ్ళకు తమ మీద నమ్మకం ఎక్కువగా ఉంది. కాబట్టి ఏళ్ళ తరబడి అలవాటైన పిల్లవాడి చేత పరీక్ష రోజున దాన్ని మాన్పించడం నాకు సమ్మతం కాదు. ముందు చేసుకోమనండి, పది పదిహేను సెకన్లే పట్టమనండి, దాని తర్వాత వేగంగా కదిలే వ్యాయామం చేయించండి. సాగదీసి పట్టుకోవడం ఆఖరి అంకం కాకుండా ఉంటే చాలు.

ఆఖరి అంకం గెంతుకు దగ్గరగా ఉండేది కావాలి. దానికి కారణం కండరానికి ఉన్న ఇంకో గుణం. ఇప్పుడే గట్టిగా పనిచేసిన కండరం కొద్దిసేపు ఇంకా చురుగ్గా స్పందిస్తుంది. మయోసిన్ తలల దగ్గర జరిగే ఒక చిన్న రసాయన మార్పు వల్ల కాల్షియం సంకేతానికి అవి ఎక్కువ సున్నితమవుతాయి. ఆ మార్పు ఒక్కటే అయితే నిమిషాల్లో మాయమవుతుంది, వేడి, కండరంలోకి చేరే నీరు, నరాల ఉత్తేజం కలిసి ఇంకొంతసేపు నిలుపుతాయి. కానీ గట్టి పని అలసటను కూడా తెస్తుంది. అలసట త్వరగా దిగిపోయి చురుకు ఇంకా మిగిలి ఉన్న సమయంలో గెంతాలి. 2013లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం బరువులతో గట్టిగా పనిచేస్తే 7 నుంచి 10 నిమిషాల విరామం బాగా కుదిరింది. బరువులు లేని మైదానంలో రెండు మూడు బలమైన గెంతులు, ఇరవై ముప్పై మీటర్ల రెండు స్ప్రింట్లు చాలు, వాటి తర్వాత మూడు నాలుగు నిమిషాల విరామం.

వెయిట్‌లిఫ్టింగ్ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. టీవీలో కనిపించేది వేదిక మాత్రమే. తెర వెనక వార్మప్ గది ఉంటుంది. లిఫ్టర్ అక్కడ తేలిక బరువుతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెంచుకుంటూ వస్తుంది. ముందున్నవాళ్ళ ప్రయత్నాలు ఇంకా ఎన్ని మిగిలాయో కోచ్ లెక్కపెడుతూ, ఆఖరి వార్మప్ బరువుకూ వేదిక పిలుపుకూ మధ్య ఎడం సరిగ్గా కొన్ని నిమిషాలే ఉండేలా చూస్తాడు. బరువు ఎంపిక ఎంత ముఖ్యమో ఆ లెక్కా అంతే ముఖ్యం.

మన ఎంపిక మైదానాల్లో లేనిదే ఆ లెక్క. అభ్యర్థి తెల్లవారుజామున చేరుకుంటాడు. కంగారులో అప్పుడే రెండు రౌండ్లు వేసేస్తాడు. తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన, ఎత్తు, ఛాతీ కొలతలు, ఛెస్ట్ నంబరు, వరస. గెంతు వంతు వచ్చేసరికి గంటలు గడిచిపోవచ్చు. వ్యాయామం ఆపిన క్షణం నుంచే కండరం చల్లబడటం మొదలవుతుంది, పదిహేను ఇరవై నిమిషాల్లో లాభంలో పెద్ద భాగం పోతుంది. ఉదయం ఆరింటికి చేసిన వార్మప్ తొమ్మిదింటి గెంతుకు ఏ మాత్రం పనికిరాదు. ఆ కాస్త శక్తీ వృథా అయినట్టే.

ఫుట్‌బాల్ వాళ్ళు ఈ నష్టాన్ని కొలిచారు. 2004లో డెన్మార్కులో మోర్ బృందం ఆటగాళ్ళ తొడ కండరాలను విరామానికి ముందూ తర్వాతా పరిశీలించింది. పదిహేను నిమిషాల విరామంలో ఊరికే కూర్చున్నవాళ్ళ కండరం దాదాపు 2 డిగ్రీలు చల్లబడింది, స్ప్రింటు వేగం 2.4 శాతం పడిపోయింది. విరామంలోనే కాసేపు మెల్లగా పరిగెత్తినవాళ్ళు ఆ నష్టం లేకుండా తిరిగొచ్చారు. మన 15 సెకన్ల వంద మీటర్ల లెక్కలో 2 శాతమంటే 0.3 సెకను, దూరంలో రెండు మీటర్లు. గెంతులో అయితే 3.70 మీటర్లు గెంతే కుర్రాడికి 3 శాతం కలిసొస్తే 3.81. ప్రయోగశాలలో వచ్చిన శాతాలన్నీ మైదానంలో యథాతథంగా దిగిరావు, లాంగ్ జంప్‌లో రనప్, పలక మీద అడుగు కూడా పెద్ద పాత్ర వహిస్తాయి. అయినా గీతకు ఇవతల కొద్దిలో ఆగిపోయినవాళ్ళకు ఈ పది సెంటీమీటర్లే తేడా కావచ్చు.

పెద్ద పోటీల్లోనూ నిరీక్షణ తప్పదు. పరుగుకు ముందు క్రీడాకారులందరినీ కాల్ రూమ్‌లో కూర్చోబెడతారు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023 అక్టోబరు 1న వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌కు దిగినప్పుడు పక్క లేన్‌లోని చైనా అమ్మాయి ముందుగా కదిలింది. నిర్వాహకులు తొలుత ఇద్దరికీ ఎర్ర కార్డు చూపించారు. వాదన నడిచింది, వీడియోలు చూశారు, చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. అంత రభస నడుమ నిలబడి, మళ్ళీ బ్లాకుల మీదకు వెళ్ళి జ్యోతి 12.91 సెకన్లలో ముగించింది, తర్వాత రజతం ఆమెకు దక్కింది. అలాంటి క్షణాల్లో స్ప్రింటర్లు ఊరికే నిలబడరు. తొడలు చరుచుకుంటారు, మోకాళ్ళు గుండెల దాకా ఎత్తి గెంతుతారు. చూసేవాళ్ళకు అది ఆవేశంలా కనిపిస్తుంది గానీ అది కండరాన్ని చల్లారనివ్వని పని.

బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. ఫాల్క్‌నర్ బృందం 2013లో ప్రచురించిన పరీక్షలో, వార్మప్ చేసిన సైక్లిస్టులను అరగంట కూర్చోబెట్టారు. మామూలు ప్యాంటు వేసుకున్నవాళ్ళతో పోలిస్తే, లోపల వేడిచేసే తీగలున్న ప్యాంటు వేసుకున్నవాళ్ళ గరిష్ఠ పవర్ సుమారు 9 శాతం ఎక్కువ వచ్చింది. మనకు తీగల ప్యాంట్లు లేవు. చలికాలంలో ఉన్ని దుప్పటో మందపాటి ట్రాక్‌ప్యాంటో కాళ్ళ మీద కప్పుకుంటే వేడి పోయే వేగం తగ్గుతుంది.

వరసలో ఉన్నవాళ్ళు చేయగలిగేది ఇంకా ఉంది. మీ ముందు ఎందరున్నారో, ఒక్కొక్కరికీ ఎంతసేపు పడుతోందో గమనించండి. వంతు రావడానికి ఇంకా పదిహేను నిమిషాలుందనగా లేచి, అనుమతించినంత మేర అక్కడికక్కడే పరుగు అందుకోండి. మోకాళ్ళు ఎత్తడం, కాళ్ళు ముందుకూ వెనక్కూ ఊపడం, గుంజీలు, పిక్కల మీద లేవడం – ఇవన్నీ ఒక గజం జాగాలో అయ్యే పనులు. ఐదారు నిమిషాల తర్వాత రెండు మూడు గెంతులు బలంగా, నిలువుగా. ఆపైన మూడు నాలుగు నిమిషాలు నడుస్తూ ఊపిరి కుదుట పడనివ్వాలి. ముందు 1600 పరిగెత్తి వచ్చి గెంతుకు నిలబడితే కథ వేరు. కండరం అప్పటికే వేడిగా ఉంది, అలసట దిగాలి. మళ్ళీ వార్మప్ పేరుతో పరిగెత్తక్కర్లేదు, కూలబడకుండా నడుస్తూ ఉంటే చాలు. విరామం పదిహేను ఇరవై నిమిషాలు దాటితేనే మళ్ళీ వేడి చేసుకోవాలి.

నిర్వహించేవాళ్ళ చేతిలో కూడా ఒక మేలు ఉంది. గెంతు గుంట పక్కన ఇరవై మీటర్ల జాగా విడిచి, తర్వాతి పదిమందిని అక్కడ కదలనిస్తే ఖర్చేమీ కాదు. అందరికీ ఒకే అవకాశం ఇచ్చినట్టవుతుంది. వరసలో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ మధ్య తేడా చూపాల్సింది వాళ్ళ కాళ్ళు, కూర్చున్న సమయం కాదు.

గాయాల మాట కూడా చెప్పుకోవాలి. చల్లటి తొడతో వంద మీటర్లకు దూకితే తొడ వెనక కండరం పట్టేయడమో చిట్లడమో మైదానాల్లో తరచుగా జరుగుతుంది. నార్వేలో టీనేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్బుల మీద 2008లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో, పరుగు, గెంతు, నిలకడ, బలం కలిపిన ఇరవై నిమిషాల వార్మప్ చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. అది ఒక్క రోజు వేడి వల్ల వచ్చింది కాదు, సీజనంతా చేసినందువల్ల వచ్చింది. కాబట్టి సాధన రోజుల్లో కూడా దీన్ని వదలకూడదు.

చివరగా, ఎవరి వార్మప్ ఎవరికి పడుతుందో పుస్తకం చెప్పలేదు. నలుగురు కుర్రాళ్ళు కలిసి స్కూలు గోడ దగ్గర తేల్చుకోవచ్చు. వేలికి సుద్ద రాసుకుని, నిలబడి ఒక గీత, గెంతి ఒక గీత. మూడుసార్లు గెంతి ఎక్కువ వచ్చినదాన్ని రాసుకోవాలి. ఒక రోజు వార్మప్ లేకుండా, ఒక రోజు ఐదు నిమిషాలతో, ఒక రోజు పది నిమిషాలతో, ఒక రోజు పది నిమిషాల వార్మప్ చేసి ఇరవై నిమిషాలు కూర్చుని. రోజూ ఒకే వేళ, ఒకే బూట్లు, ముందు రోజు ఒకే రకం సాధన. ఏ రోజు ఏ పద్ధతో చీటీలు వేసి తీయాలి. లేకపోతే రోజురోజుకూ గెంతు అలవాటై పెరిగినదాన్ని వార్మప్ ఘనతగా పొరబడతారు. కొలిచేవాడికి ఆ రోజు ఏ పద్ధతో తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. రెండు మూడు వారాలు ఇలా చేస్తే ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్కో అంకె తేలుతుంది. ఒకరికి ఏడు నిమిషాలు చాలవచ్చు, ఇంకొకరికి పన్నెండు కావాలి. కూర్చుని లేచిన రోజున ఎవరి గీత ఎంత కిందికి దిగిందో కూడా గోడ మీదే కనిపిస్తుంది.